పక్షిమిత్రుడు రిచర్డ్ కియర్టన్

పక్షులయందు మక్కువ గలవారు లోకమున పెక్కుమంది కలరు. ఆ మక్కువ మనుష్యునిచేత చేయించు పనులు మాత్రము ఒక్కతీరున నుండవు. ఒకడు చిలుకను పంజరమున బెట్టి పాలును పండ్లును మేపును. ఒకడు గూటిలోని గ్రుడ్లను గొనివచ్చి దూదిలో పొదిగి పెట్టెలో దాచుకొనును. వేరొకడు పిట్టను తుపాకితో గొట్టి, దాని చర్మమున దూది కూరి, గాజు బీరువాలో నిలిపి, వచ్చిన చుట్టములకు చూపి సంతసించును. పందొమ్మిదవ శతాబ్దమున ఇంగ్లండు దేశమందు పక్షిప్రియులని పేరుపొందిన వారిలో ననేకులు ఈ కడపటి రెండు తెగలకు చెందినవారే. ఆ దేశముననే, ఆ కాలముననే, గ్రుడ్డును గూటియందే యుంచి, పిట్టను కొమ్మమీదనే యుంచి, వాని రూపమును మాత్రము ఇంటికి గొనివచ్చి పదిమందికి పంచిపెట్టవచ్చునని చేతలతో నిరూపించిన రైతుబిడ్డ యొకడుండెను. ఆయనయే రిచర్డ్ కియర్టన్.

ఇంగ్లండునకు ఉత్తరమున యార్కుషైరు మండలమందు స్వేల్ అను నేరు కొండల నడుమ పారుచుండును. ఆ యేటి లోయకు స్వేల్‌డేల్ అని పేరు. రాతిగోడలతో గీతలు గీచినట్లున్న పచ్చిక బీళ్లు, వానిపై మేయు గొఱ్ఱెల మందలు, ఆ పైన మనుష్యసంచారము తక్కువగా గల మిట్టనేలలు, ఇవియే ఆ లోయ స్వరూపము. ఒకప్పుడక్కడ సీసపు గనులు వేలమందికి కూడు పెట్టినవి. 1880 తరువాత ఆ గనులు మూతబడగా జనులు మూటలు గట్టుకొని పట్టణములకును పరదేశములకును వలసపోయిరి. ఆ లోయలోని థ్వెయిట్ అను చిన్న పల్లెయందు, గొఱ్ఱెలు మేపుకొని జీవించు సామాన్య కర్షకుని యింట, 1862 జనవరి 2వ తేదీన రిచర్డ్ జన్మించెను. తొమ్మిదేండ్ల తరువాత, 1871 జూలై 8వ తేదీన, ఆ యింటనే చెర్రీ అను తమ్ముడు పుట్టెను. అన్నదమ్ము లిరువురును సమీపమునందలి మ్యూకర్ గ్రామపు బడిలో చదువుకొనిరి. పేరుగొన్న విద్యాలయముల గడప త్రొక్కు భాగ్యము వారికి లేదు. వారికి నిజమైన పాఠశాల ఆ కొండయే. వారి పాఠ్యగ్రంథములు ఆ పొదలును గూళ్లును.

పల్లెటూరి పిల్లలందరివలెనే రిచర్డు కూడ పిట్టగూళ్లు వెదకుచు చెట్లెక్కెడివాడు. చిన్నతనముననే అట్లొకనాడు చెట్టునుండి జారిపడగా తుంటి యెముక దెబ్బతినెను. చికిత్స సరిగా జరుగకపోవుటచే ఆ కాలు ఎన్నటికిని చక్కబడలేదు. నాటినుండి జీవితాంతము కుంటుచునే ఆయన నడువవలసివచ్చెను. కొండమీద గొఱ్ఱెల వెంట పరుగెత్తవలసిన రైతుబిడ్డకు అంతకంటె పెద్ద కష్టము వేరొకటి యుండబోదు. తోడి పిల్లలు గుట్టలెక్కి పోవుచుండగా ఒకచోట కూర్చుండుట ఆ బాలునకు తప్పనిసరి యయ్యెను. కాని కదలక కూర్చుండు వానికే పిట్ట దగ్గరకు వచ్చును. ఏ పక్షి యెప్పుడు కూయును, ఏ కూతకు ఏ యర్థము, ఏ తల్లి ఏ దారిని గూటికి వచ్చును అను సంగతులు ఆ నిశ్చలత్వమువలననే అతనికి కంఠస్థము లయ్యెను. పక్షుల కూతలను ఆ పక్షులే మోసపోవునట్లు అనుకరించు నేర్పును అతని కబ్బెను.

ఆ నేర్పే అతని జీవితమును మలుపు త్రిప్పినది. స్వేల్‌డేల్ మిట్టనేలలలో గ్రౌస్ అను అడవికోడివంటి పక్షి విస్తారముగా నుండును. దానిని వేటాడుటకై ప్రతి సంవత్సరము ఆగస్టు మాసమున పట్టణములనుండి ధనికులు వచ్చెడివారు. 1882వ సంవత్సరమున అట్లు వచ్చిన వారిలో లండనునందలి కాసెల్ ప్రచురణాలయమునకు చెందిన సిడ్నీ గాల్పిన్ అను నాయన యుండెను. రిచర్డు ఒకచోట దాగి గ్రౌస్ కూతను కూయగా, దూరమున నున్న పక్షులు ఆ కూతకు బదులు పలుకుచు దరికి వచ్చుట ఆయన చూచెను. చదువు స్వల్పమైనను చూపు చురుకైన ఆ యువకుని గాంచి ఆశ్చర్యపడి, లండనులో తమ ప్రచురణాలయమందు ఉద్యోగ మిచ్చెదనని చెప్పెను. అప్పటికి రిచర్డునకు ఇరువది యేండ్లు. లోయ విడిచి యెరుగని యా యువకుడు రాజధాని నగరమునకు పయనమయ్యెను.

లండను నగరమున పొగయు ధూళియు తప్ప గ్రౌస్ కూతలు లేవు. అయినను గ్రంథములు తయారగు తీరు ఆయన కక్కడ తెలిసినది. అచ్చెట్లు పడును, బొమ్మలెట్లు చెక్కుదురు, ఏ పుస్తకమును పాఠకుడు చేతికి దీసికొనును అను రహస్యములు దినదినము కన్నులయెదుటనే యుండెను. కొంతకాలమునకు తమ్ముడు చెర్రీ కూడ అన్నవద్దకు చేరి ఆ ప్రచురణాలయముననే పనిలో కుదిరెను. సెలవుదినము వచ్చిన చాలును, సోదరులిరువురును నగరపు పొలిమేరలు దాటి పొదలవెంట దిరిగెడివారు.

1890వ సంవత్సరమున రిచర్డు ప్రథమ గ్రంథము వెలువడెను. పిట్టగూళ్లు, గ్రుడ్లు, గ్రుడ్ల సేకరణ అనునవియే దాని విషయములు. గ్రుడ్ల రంగుల బొమ్మలు అందు ముద్రింపబడినవి. పక్షిమిత్రుడుగా లోకము నేడు తలచుకొను వ్యక్తి తొలి పుస్తకము గ్రుడ్ల సేకరణను గూర్చినది యగుట వింతగా తోచవచ్చును. కాని ఆ కాలపు వాడుక యట్టిది. గ్రుడ్లు పోగుచేయుట నాడు బడిపిల్లలకును, పాదిరీలకును, ప్రభువులకును సమానమైన వినోదము. గ్రుడ్డునకు సన్నని రంధ్రము చేసి, లోని సొన నూదివేసి, డొల్లను సొరుగులలో వరుసగా పేర్చి పేరు వ్రాసి యుంచెడివారు. ఒక గూటిలోని గ్రుడ్లన్నిటిని ఒక్కమారే తీసికొనిపోవుట సేకరణకారులకు మర్యాద. పక్షి యెంత యరుదైనదో దాని గ్రుడ్డునకు వెల యంత హెచ్చు. వెల హెచ్చిన కొలది పక్షి మరింత యరుదగును. ఈ విషవలయమున జిక్కి కొన్ని పక్షిజాతులు ఆ దేశమున కడతేరు స్థితికి వచ్చెను.

ఇట్టి దినములలో, 1892 ఏప్రిల్ 10వ తేదీన, లండను నగరమునకు సమీపమున సోదరులు తిరుగాడుచుండగా, సాంగ్ థ్రష్ అను పాటపిట్ట గూడొకటి కంటబడెను. అందు గ్రుడ్లుండెను. ఆనాడు చెర్రీ చేత కెమెరా యుండెను. అతడు ఆ గూటిని గ్రుడ్లతోకూడ ఛాయాచిత్రము తీసెను. ఆ చిత్రము చక్కగా వచ్చెను. గ్రుడ్లు గూటిలోనే యుండెను. వాని సౌందర్యము మాత్రము గాజుపలకపై నిలిచెను. ఆ చిత్రమును చూచిన రిచర్డు మనస్సున గొప్ప యూహ యొకటి మెరసినది. ఇంగ్లండునందు గూడుకట్టు పక్షులన్నిటి గూళ్లను ఇట్లే యున్నవి యున్నచోట చిత్రములు తీసి గ్రంథముగా కూర్చినచో, గ్రుడ్డు దొంగిలింపకయే దాని యందమును ప్రతి యింటను చూడవచ్చును గదా! అన్న వ్రాయుటకును, తమ్ముడు చిత్రములు తీయుటకును నిశ్చయించుకొనిరి.

నేటివారికి ఈ యూహ సులభముగా తోచును. నాటి కెమెరా సంగతి తెలిసినగాని అందలి సాహసము బోధపడదు. అది కొయ్యపెట్టె, దానికి మడతల తోలుతిత్తి, క్రింద మూడుకాళ్ల కొయ్యగుర్రము. చిత్రము తీయు వాడు నల్లగుడ్డ కప్పుకొని వెనుకనున్న మసక గాజుపై బింబమును సరిచూచుకొని, పిమ్మట దానిని తొలగించి, రసాయనము పూసిన గాజుపలకను చీకటిపెట్టెనుండి అమర్చవలెను. ఒక పలకకు ఒక చిత్రమే. ఆ పలకలకు వెలుతురును గ్రహించు శక్తి తక్కువ యగుటచే, పొదల నీడలో చిత్రము తీయవలెనన్న కటకమును చాలసేపు తెరచియుంచవలెను. ఆ నిడివిలో ఆకు కదలినను చిత్రము చెడును. కెమెరా, పలకలు, గుర్రము అన్నియు కలిసి మోయవలసిన బరువు సామాన్యము కాదు. అందుచేతనే అంతకుముందు పక్షిగ్రంథములలోని బొమ్మలు చిత్రకారుల చేతివ్రాతలుగనే యుండెను. ఆ చిత్రకారులును పెక్కుమారులు చంపిన పక్షినే ముందుంచుకొని బొమ్మ వ్రాసెడివారు. అమెరికా ఖండపు పక్షుల నద్భుతముగా చిత్రించిన ఆడుబాన్ మహాశయుడు సైతము పక్షులను కాల్చి, తీగెలతో నిలువబెట్టియే చిత్రించెను.

కియర్టన్ సోదరులకు ఉద్యోగపు పని తీరిన వేళలును సెలవులును తప్ప వేరు తీరిక లేదు. ఆ తీరికలోనే వారు పొలములు, గుట్టలు, చిత్తడినేలలు, సముద్రపు ఒడ్డులు తిరిగిరి. గూడు ఎత్తైన పొదలో నున్నచో ఒకరి భుజములపై నొకరు నిలిచి, నిడుపు కాళ్ల గుర్రముపై కెమెరా నిలిపి చిత్రము తీసిరి. గూడు కొండచరియలో నున్నచో చెర్రీ నడుమునకు త్రాడు కట్టుకొని, క్రింద సముద్రము ఘోషించుచుండగా వ్రేలాడుచు చిత్రము తీసెను. ఇట్లు మూడేండ్లు శ్రమపడిన పిమ్మట 1895వ సంవత్సరమున బ్రిటిషు పక్షుల గూళ్లను గూర్చిన గ్రంథము కాసెల్ వారిచే ప్రకటింపబడెను. అందలి బొమ్మలన్నియు ప్రకృతియందు ఉన్నవి యున్నట్లు తీసిన ఛాయాచిత్రములే. ఆ విధమైన ప్రకృతి గ్రంథములలో ఇదియే మొదటిదని చరిత్రకారులు గణింతురు. ఛాయాచిత్రమును చుక్కల అచ్చుగా మార్చి అక్షరములతోపాటు ముద్రించు పద్ధతి అప్పుడప్పుడే వ్యాప్తిలోనికి వచ్చుచుండుటచే, సామాన్యులు కొనగల పుస్తకమున ఇన్ని చిత్రములు చేర్చుట సాధ్యమయ్యెను.

మరుసటి యేడు, 1896లో, సోదరులు సెయింట్ కిల్డా ద్వీపమునకు ప్రయాణము చేసిరి. అది స్కాట్లండునకు పడమరనున్న దీవులకును ఆవల, అట్లాంటిక్ మహాసముద్రమున నలువది మైళ్లు దూరమున ఒంటరిగా నుండు దీవుల గుంపు. అందు మనుష్యులుండు దీవి యొకటే. ఆ యొక్క పల్లెలో నూరుకంటె తక్కువ మంది జనులు తరతరములుగా సముద్రపక్షుల నాశ్రయించి బ్రతుకుచుండిరి. దాదాపు 1,400 అడుగుల యెత్తుగల కొండచరియలపై త్రాళ్లతో దిగి వారు ఫుల్మార్, గానెట్, పఫిన్ అను పక్షులను పట్టెడివారు. వాని మాంసమే వారికి గ్రాసము. వాని నూనెయే దీపము. వాని యీకలే భూస్వామికి చెల్లించు శిస్తు. పక్షిని చంపి బ్రతుకు వారినిగూడ రిచర్డు నిందాదృష్టితో చూడలేదు. వినోదమునకై చంపుటకును ఆకటికై పట్టుటకును గల భేద మాయన యెరుగును. ఆ ద్వీపవాసుల జీవనమును, వారి సాహసమును, వారి యిండ్లను, పక్షులను సమానమైన శ్రద్ధతో వర్ణించెను. చెర్రీ వాని చిత్రములు తీసెను. ఆ వర్ణనలును చిత్రములును 1897లో వెలువడిన గ్రంథమున చేరినవి. అందు 180 ఛాయాచిత్రము లుండెను. 1930 ఆగస్టు 29వ తేదీన, ఇక నక్కడ బ్రతుకలేమని కడపటి 36 మంది నివాసులు ఆ దీవిని విడిచి వెడలిపోయిరి. నేడా పల్లె నిర్జనము. ఆ జనుల బ్రతుకు తెరువును తెలిసికొన గోరువారికి సోదరుల చిత్రములును ఆధారములైనవి.

గూడు కదలదు గనుక దాని చిత్రము తీయుట కొంత సులభము. గూటికి వచ్చు పక్షిని, పిల్లలకు మేత పెట్టు తల్లిని చిత్రించుట వేరు విద్య. మనుష్యుని చూచిన పక్షి దరికి రాదు. కెమెరా దగ్గరగా నుండక బింబము పెద్దది కాదు. ఈ చిక్కును విడదీయుటకు రిచర్డు బాల్యమున నేర్చిన విద్యయే యుపకరించెను. పక్షికి భయము కలిగించునది మనుష్యుని యాకారమును కదలికయునే గాని, ఆ చోట నిత్యము కనబడు వస్తువులు గావు. కావున ఆ వస్తువుల రూపమునే తాము ధరింపవలెనని సోదరులు తలచిరి. మొదట బోలు చెట్టుమాను వంటి దానిని కల్పించి, అందు మనిషియు కెమెరాయు ఇముడునట్లు చేసిరి. మ్రానులేని మిట్టనేలకు రాతిబండ వంటి కపటపు బండను తయారుచేసిరి. గొఱ్ఱెలు మేయు చోటికి గొఱ్ఱెచర్మముతో బొమ్మను చేసి, దాని కడుపున కెమెరాను దాచి, తాము దూరమున నుండి రబ్బరు గొట్టముగుండ గాలి నొత్తి చిత్రము తీసిరి.

వీనియన్నిటిలో మిగుల ప్రసిద్ధి కెక్కినది బోలు ఎద్దు. నిజమైన ఎద్దు చర్మమును తేలికయైన చట్రముపై బిగించి, లోపల నొక మనిషి వంగి నిలుచుటకు చోటు కల్పించిరి. పచ్చికలో గూడు కట్టు స్కైలార్కు వంటి పక్షికి, తన చుట్టు మేయు పసరములలో నొకటి యట్లు నిలిచియుండుట వింత కాదు. లోపలివానికి మాత్రము అది నరకమే. వేసవి యెండకు చర్మము కాగి, గాలి యాడక, నడుము వంచి గంటలకొలది నిలువవలెను. ఒకమారు ఆ యెద్దు లోపలి మనిషితోకూడ తలక్రిందులై, నాలుగు కాళ్లును ఆకాశము వంక చాచి పడెను. సోదరులు దానిని దాచుకొనక లోకమునకు చెప్పి నవ్వించిరి. చూచువారికి హాస్యాస్పదములుగ తోచు ఈ యుపాయముల వెనుక గొప్ప నియమ మొకటి దాగియున్నది. మనుష్యుడు తన సౌకర్యమునకై పక్షిని బంధించుట కాక, పక్షి సౌకర్యమునకై తాను బంధింపబడుట ఆ నియమము. నాటివరకు వేటకాడు పక్షినుండి దాగినది దానిని చంపుటకు. వీరు దాగినది దానికి తమ యునికి తెలియకుండుటకు, దాని పని చెడకుండుటకు.

ఈ విద్యయందలి ప్రమాదమును గూడ ఇచట చెప్పవలెను. గూటికి అడ్డముగానున్న కొమ్మను విరిచినచో ఎండయో వానయో పిల్లలకు తగులును. దాగిన చోటు దొంగపిల్లులకును కాకులకును తెలియును. తల్లి జంకి గూటిని విడిచినచో గ్రుడ్లు చల్లబడి చచ్చును. అప్పుడు ఆ చిత్రమునకును గ్రుడ్లు దొంగిలించుటకును భేదమేమి? కనుకనే ఈ పని చేయువారు కొమ్మను విరువక వంచి కట్టి, పని ముగియగనే విప్పి యథాస్థితికి దెత్తురు. మాటుగుడిసెను ఒక్కసారి గూటికడ నిలుపక దినదినము కొంచెము కొంచెముగా దగ్గరకు జరుపుదురు. ఇరువురు కలిసి మాటువద్దకు పోయి, ఒకరు లోన ప్రవేశింపగా రెండవవారు వెడలిపోదురు. మనుష్యుడు వెడలెనని తలచి పక్షి నిశ్చింతగా గూటికి వచ్చును. ఓర్పులేనివానికి ఈ విద్య యబ్బదు.

1898 నాటికి రిచర్డు జీవితమున పెద్ద సంకటము వచ్చిపడెను. పదునారేండ్లు నమ్మకముగా చేసిన యుద్యోగము ఒకవైపు. అడవియు కెమెరాయు వ్రాతయు మరియొకవైపు. ఆయన సంపన్నుడు గాడు. వంశపు ఆస్తి లేదు. భార్యాబిడ్డలు గల గృహస్థుడు. కాలు కుంటి. నెలజీతము విడిచి పిట్టల చిత్రములు నమ్ముకొని బ్రతికెదనను వానిని చూచి నవ్వనివారు అరుదు. అయినను ఆయన ఆ యేడు కాసెల్ ప్రచురణాలయపు కొలువు మానుకొనెను. అదియే సంవత్సరమున, అడవిజీవులను ఇంటి చెంతనే గమనించి చిత్రములు తీయు విధానమును బోధించు గ్రంథమును ప్రకటించెను. తన విద్యలోని మెళకువలను దాచుకొనక అందరికిని తెలుపుట ఆ గ్రంథపు విశేషము. పోటీదారులు పుట్టుదురను భయ మాయనకు లేదు. పక్షిని తుపాకితో గాక కెమెరాతో వెంటాడు వాడొకడు పుట్టినను లాభమే యని ఆయన కృషియంతయు చాటుచున్నది.

కొలువు మానిన పిమ్మట ఆయనకు జీవనాధారము రెండు విధములుగా లభించెను. మొదటిది గ్రంథరచన. అరుదైన పక్షులను గూర్చి 1899లోను, మిత్రులైన పక్షులను గూర్చి 1900లోను, ప్రకృతి పోకడలను గూర్చి 1903లోను, పాడు పక్షులను గూర్చి 1906లోను ఆయన గ్రంథములు వెలువడెను. గిల్బర్ట్ వైట్ అను పాదిరీ పూర్వశతాబ్దమున సెల్బోర్న్ గ్రామపు ప్రకృతిని వర్ణించి వ్రాసిన ప్రఖ్యాత గ్రంథమును 1902లో సోదరుల చిత్రములతో మరల ప్రకటించిరి. రెండవది ఉపన్యాసము. ఛాయాచిత్రములను గాజుపలకలపై నెక్కించి, మాజిక్ లాంతరు సాయమున తెల్లని తెరపై పెద్దవిగా చూపుచు ఆయన బ్రిటను దేశమందంతట ఊరూర నుపన్యసించెను. సినిమాలు బాల్యావస్థయందున్న కాలమది. చీకటి గదిలో, గూటి అంచున వాలి నోళ్లు తెరచిన పిల్లలకు పురుగు నందించు తల్లిపిట్ట నిలువెత్తు రూపమున తెరపై ప్రత్యక్షమగుట నాటి ప్రేక్షకులకు అపూర్వమైన వింత. గనిలో పనిచేయువారును, మిల్లుకూలీలును, బడిపిల్లలును వసించు పట్టణములలో అట్టి సభలు పెక్కు జరిగెడివి. పచ్చిక బీడును చూచు తీరిక లేనివారి ముందరికి ఆ బీడే నడచి వచ్చెను. శాస్త్రజ్ఞుల పరిభాష విడిచి గొఱ్ఱెలకాపరి కుమారుడు తనవంటి సామాన్యులకు చెప్పు మాట గనుక అది వినువారి చెవికెక్కెను.

చిత్రమును పంచుటవలన కలుగు ఫలము ఎంతటిదో ఒక్క యుదాహరణము చాలును. 1900వ సంవత్సరమున ఎమ్మా టర్నర్ అను వనితకు రిచర్డుతో పరిచయము కలిగెను. ఆ పరిచయ ఫలముగా ఆమె కెమెరా చేపట్టెను. నార్ఫోక్ మండలమందలి చిత్తడినేలలలో పడవలో నివసించుచు ఏండ్లకొలది పక్షులను చిత్రించెను. బిట్టర్న్ అను కొంగజాతి పక్షి వేటవలనను చిత్తడినేలలు మాగాణులగుటవలనను బ్రిటనునందు గూడుకట్టుట మానినదని జనులు తలచుచుండగా, 1911వ సంవత్సరమున ఆమె రెల్లుదుబ్బులలో దాని పిల్లను కనుగొని చిత్రము తీసెను. ఆ యొక్క చిత్రము ఆ పక్షి తిరిగి వచ్చి పిల్లల నెత్తుచున్నదని లోకమునకు సాక్ష్యమిచ్చెను. ఒక దీపమునుండి వేరొక దీపము వెలుగుట యనగా నిదియే.

తమ్ముడు చెర్రీ దారి క్రమముగా వేరయ్యెను. 1900వ సంవత్సరమున అతడు నైటింగేల్ మొదలగు స్వేచ్ఛాపక్షుల పాటలను మైనపు గొట్టములపై గ్రహించెను. పిమ్మట కదలు బొమ్మలు తీయు యంత్రము నవలంబించి ఆఫ్రికా మున్నగు దూరదేశములకు పోయెను. 1909లో తూర్పు ఆఫ్రికాయందు అమెరికా మాజీ అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్‌ను గలిసికొని ఆయన యాత్రను చలనచిత్రముగా తీసెను. సింహములను, పెంగ్విను పక్షులను గూర్చి అతడు తీసిన చిత్రములును వ్రాసిన గ్రంథములును ప్రజాదరణ పొందినవి. అన్న మాత్రము స్వదేశపు పొదలను విడువలేదు. లోకమంతయు తిరిగిన తమ్ముని కీర్తిముందు ఇంటిచెంతనున్న అన్న కీర్తి కొంత మరుగుపడెను. కాని పెరటిలోని పిట్టను చూపి బాలుని కన్ను తెరపించిన పుణ్యము అన్నదే.

రిచర్డు కృషిలోని లోపమునుగూడ నిష్పక్షపాతముగ పరిశీలింపవలసియున్నది. 1895 నాటి గ్రంథము గూళ్లను ఎట్లు, ఎచట, ఎప్పుడు కనుగొనవలెనో తెలుపునట్టిది. పక్షిప్రియునకు దారి చూపిన పుస్తకమే గ్రుడ్లదొంగకును దారి చూపగలదు. సెయింట్ కిల్డాలోని రెన్ అను చిట్టిపిట్ట చరిత్రము ఈ ప్రమాదమునకు తార్కాణము. అది ప్రత్యేక జాతియని 1884లో ఒక శాస్త్రజ్ఞుడు ప్రకటింపగనే, దాని గ్రుడ్లకును చర్మములకును వెల పెరిగి, సేకరణకారుల కన్ను ఆ దీవిపై బడెను. ప్రేమతో జేసిన ప్రకటనయైనను దుర్జనుని చేతబడిన నాశహేతువగునని ఇందువలన తెలియుచున్నది. తుదకు 1904వ సంవత్సరమున బ్రిటిషు పార్లమెంటు ఆ దీవి పక్షులకొరకే యొక చట్టము చేయవలసివచ్చెను. అంతకుముందే 1894లో చేసిన చట్టము స్థానికాధికారులు కోరినచోట గ్రుడ్లకు రక్షణ కల్పింప వీలిచ్చెను. దేశమంతటను అడవిపక్షుల గ్రుడ్లను తీయుట నేరమగుటకు 1954 వరకు వేచియుండవలసివచ్చెను. ఆ చట్టములు ఏ యొక్కరి చలువయు గావు. కాని జనుల మనస్సు మారక చట్టము నిలువదు. సొరుగులోని డొల్లకంటె గూటిలోని ప్రాణము అందమైనదని రెండు మూడు తరముల బాలబాలికలకు చిత్రరూపమున బోధించి, ఆ మార్పునకు నేల దున్నినవారిలో కియర్టన్ సోదరులు ప్రముఖులు. 1890లో గ్రుడ్ల సేకరణను గూర్చి వ్రాసిన చేయియే, అయిదేండ్లు తిరుగకముందే, సేకరణకు బదులు వేరొక వినోదమును జనుల కందించెను. తన బాల్యపు అలవాటును తానే దాటివచ్చినవాని మాటకు బలము మెండు.

రిచర్డు కడపటి యేండ్లను సర్రే మండలమందలి కేటరమ్ అను ఊర గడపెను. 1926లో ఆత్మకథను ప్రకటించెను. 1928 ఫిబ్రవరి 8వ తేదీన, 66వ యేట, ఆ యూరనే కన్నుమూసెను. పన్నెండేండ్లకు, 1940 సెప్టెంబరు 27వ తేదీన, లండనుపై బాంబులవర్షము కురియుచున్న దినములలో, రేడియోలో బాలుర కార్యక్రమమున ప్రసంగించి వెలుపలికి వచ్చిన చెర్రీ మరణించెను. మ్యూకర్ గ్రామమున వారు చదివిన పాత బడి గోడపై సోదరులిరువురి పేర స్మారక ఫలకములు నేటికిని కలవు. ధనమునుగాని అధికారమునుగాని సంపాదింపని పల్లెపిల్లలను ఆ పల్లె మరువకుండుట వారు చేసిన పనికి తగిన గౌరవము.

నేడు కెమెరా అరచేతిలో నిమిడినది. గాజుపలకలు పోయినవి, చీకటిగది పోయినది, తీసిన చిత్రము క్షణములో లోకమంతయు చుట్టివచ్చుచున్నది. మన దేశమునందును 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము అడవిపక్షులకేగాక వాని గూళ్లకును గ్రుడ్లకును రక్షణ కల్పించినది. సాధనములు సులభమైన కొలది బాధ్యత బరువగును. గూటిజాడ పదిమందికి తెలుపుటకు ముందు ఆ పదిమందిలో పదునొకండవవాడు ఎవ్వడో యోచింపవలెను. కెమెరా యున్న ప్రతివాడును కియర్టన్ కాజాలడు. ఓర్పున్నవాడు కెమెరా లేకున్నను ఆయన శిష్యుడు కాగలడు.

పుస్తకమునకును ఛాయాచిత్రమునకును పోలిక యొకటి కలదు. రెండును ఒకడు చూచినదానిని వేవురకు పంచును. పంచినంత మాత్రమున తరుగవు. గ్రుడ్డు ఒకని సొరుగులో చేరిన అది యొక్కని సొమ్మగును. దాని చిత్రము గ్రంథాలయపు బల్లపై చేరిన అది యూరందరి సొమ్మగును. నడువలేని కాలితో కొండలెక్కి, పెద్ద చదువు లేకయే పుస్తకములు వ్రాసి, తాను చూచిన సౌందర్యమును ఒంటరిగా అనుభవింపక పదిమంది యెదుట పరచిన రిచర్డ్ కియర్టన్ చరిత్రము, పల్లెపట్టుల పుట్టి పెరుగు యువకులకు ధైర్య మొసంగుగాక. ఊరి చెరువుగట్టునను, తుమ్మకొమ్మను వ్రేలాడు గిజిగాని గూటియందును వారికై తెరచిన గ్రంథ మొకటి యున్నది. దానిని చదువుటకు వలసినది చప్పుడు చేయక కూర్చుండు నేర్పొక్కటియే.